లలిత మోకాళ్ళూనితేనే కథ అచ్చేస్తామంటున్నారు, ఏం చెయ్యను అక్కా?

ఈసారి ఉత్తరం బాపట్ల జిల్లా నుంచి వచ్చింది. పేరు వద్దన్నారు, ఊరి పేరు కూడా వద్దన్నారు. ఫోన్లో టైప్ చేసిన చాలా పెద్ద ఉత్తరం, అందుకని కుదించి చెప్తున్నాను.

రాసినావిడ వారమంతా ప్రైవేట్ స్కూల్లో తెలుగు చెప్తారు, ఆదివారం సంఘంలో పెద్ద పిల్లల సండే స్కూల్ చూసుకుంటారు. కరోనా టైంలో సండే స్కూల్ ఆగిపోతే పిల్లల వాట్సాప్ గ్రూప్‌లో కథలు పెట్టడం మొదలెట్టారంట. బైబిల్ కథలు కావు, ఇప్పటి పిల్లల కథలే, ట్యూషన్లు, మార్కులు, ఇంట్లో గొడవలు, చర్చికి వెళ్ళే పిల్లలు అందులో పాత్రలు. పిల్లలకి నచ్చాయి, తల్లులకి నచ్చాయి, పాస్టర్ అయ్యగారు ఒక ఆదివారం అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా. తర్వాత అయ్యగారే, సువార్త పుస్తకాలు అచ్చేసే ఒక పెద్దాయన్ని పరిచయం చేశారు. ఆయన ఒక కథని చిన్న పుస్తకంగా వెయ్యి కాపీలు వేసి ఈ వేసవి వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో చర్చివాళ్ళు పిల్లలకి నడిపే బైబిల్ స్కూల్లో, ఊరికే పంచుతానన్నాడు. పరిచర్య కాబట్టి డబ్బులేం ఉండవు.

కథ ఇదీ. తొమ్మిదో క్లాసు చదివే హెప్సిబా, చర్చిలో అందరికీ హెప్సీ, స్కూల్ రిజిస్టర్‌లో మాత్రం నాగమణి. నాన్న ఆటో నడుపుతాడు, కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉంటాడు. పక్కింటి లలిత హెప్సీకి ప్రాణ స్నేహితురాలు, హిందువులు. హెప్సీ ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తుంది, సంఘమంతా చేస్తుంది, అయినా నాన్న చనిపోతాడు. హెప్సీ క్వయర్‌లో పాడటం మానేస్తుంది. డిసెంబర్లో రాత్రి కారల్స్ వాళ్ళు వీధిలోకి వచ్చినప్పుడు లలితే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొస్తుంది, హెప్సీ కంజిర చేతిలోకి తీసుకుంటుంది గానీ పాడదు. అక్కడికి కథ అయిపోతుంది.

అచ్చేసే పెద్దాయనకి ఇది చాలదు. లలిత చివర్లో మోకాళ్ళూని ప్రభువుని అంగీకరించాలంట. నాన్నకి స్వస్థత జరగాలంట, డయాలసిస్ మానేసి ప్రార్థనతోనే బాగుపడాలంట. రెండు పేర్ల సంగతి మొత్తం తీసెయ్యాలి, లేనిపోని తలనొప్పి అన్నాడు. ఆఖరి పేజీలో బంగారు వాక్యం (పిల్లలు కంఠస్థం చేసే బైబిల్ వచనం), రక్షణ ప్రార్థన (యేసుని అంగీకరిస్తున్నానని చెప్పే ప్రార్థన) ఉండాలి. మీకు కుదరకపోతే మేమే మార్చుకుంటాం అని కూడా అన్నాడంట. భర్త ఏమో మనం ఈ సంఘంలోనే బతకాలి, అయ్యగారి మాట తీసెయ్యకు అంటున్నాడు. ఆవిడ ఒకసారి మార్చి రాసి చూశారు, పదో క్లాసు కూతురు చదివి ‘మొదటి పేజీలోనే ఎండింగ్ తెలిసిపోయిందమ్మా’ అంది. ఆవిడ అడిగేది: "అక్కా, నేను రాసింది దేవునికి మహిమ తెచ్చేది కాదా? మార్చి ఇచ్చెయ్యనా, మానెయ్యనా? ఇంకొకటి, రెండు పేర్ల సంగతి మా సండే స్కూల్లో నిజంగా ఉన్న ఒక పాప దగ్గరనుంచే తీసుకున్నా, అది తప్పా?"

అక్కా అని రాశావు కాబట్టి నేను కూడా నువ్వనే అంటాను చెల్లీ. నీ ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటా, మిగతావాటికి రెండు మూడు దారులు ఉన్నాయి గానీ దీని దగ్గర నేను కొంచెం గట్టిగానే మాట్లాడాలి.

ఈ విషయం తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి కూడా ఇచ్చారు, క్రైస్తవులైన దళితులకి మాత్రం ఇప్పటికీ లేదు. మన దగ్గర వాళ్ళు బీసీ-సీ కిందకి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషన్ 1 శాతం. అదే వీధి, అదే బావి, అదే అవమానం, చర్చికి వెళ్ళినంత మాత్రాన అవేవీ మారలేదు, కాగితం మీద మాత్రం మారిపోతుంది. అందుకని చాలా ఇళ్ళల్లో పిల్లలకి చర్చి పేరొకటి, స్కూలు పేరొకటి ఉంటాయి. దీని మీద పెద్దవాళ్ళు టీవీల్లో కోర్టుల్లో ఎంతైనా వాదించుకోవచ్చు, కథ రాసేవాళ్ళు చూడాల్సింది పద్నాలుగేళ్ళ పిల్ల వైపునుంచి. నువ్వు అలాగే చూశావు. హాజరు పిలిచినప్పుడు నాగమణి అంటే హెప్సీ అర క్షణం లేటుగా ‘ఎస్ టీచర్’ అంటుందని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తెలుగులో పిల్లల కథల్లో ఇలాంటి పిల్లని నేను చూడలేదు.

కానీ ఆ పాప ఎవరో మీ ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. తొమ్మిదో క్లాసు, ఆటో నడిపే నాన్న, డయాలసిస్, రెండు పేర్లు, పైగా పుస్తకం పంచేది మీ చుట్టుపక్కల సంఘాల్లోనే. గిట్టనివాడు ఒక ఆకాశరామన్న ఉత్తరం ఎమ్మార్వో ఆఫీసులో పడేస్తే చాలు, స్కాలర్‌షిప్ కావచ్చు, హాస్టల్ సీటు కావచ్చు, ఇంట్లో ఎవరికైనా ఉద్యోగం ఉంటే అది కావచ్చు, అన్నీ చిక్కుల్లో పడతాయి. పుస్తకం మీద పేరు నీది, ఇబ్బంది మాత్రం వాళ్ళది. పెద్దాయన ‘తలనొప్పి’ అన్నది తన ప్రెస్ గురించే అనుకుంటా, అయినా ఆ మాటలో నిజం ఉంది.

దీనికి నాకు కనపడే దారులు చెప్తాను. ఆ పాపకి సంబంధించిన గుర్తులన్నీ చెరిపేసి కథని వేరే ఊరికి మార్చెయ్యి, నాన్న పని మార్చు, జబ్బు మార్చు, ఆ రెండు పేర్లూ మార్చు, అప్పుడు విషయం నిలబడుతుంది, పాప కనపడదు. అప్పుడు కూడా వాళ్ళమ్మకి చదివి వినిపించి సరేనంటేనే బయటికి పంపు. లేదా రెండు పేర్లకి కారణం మార్చు, అమ్మ వైపు క్రైస్తవులు, నాన్న వైపు హిందువులు, ఇద్దరు నాయనమ్మ అమ్మమ్మలు చెరో పేరు పెట్టారు అనుకో, అలాంటి ఇళ్ళు కూడా మనకి కొత్తేం కాదు. దీనివల్ల హాజరు సీన్ మిగులుతుంది, కులం సంగతి మాత్రం పోతుంది, అది చిన్న నష్టమేం కాదు. ఇంకో దారి, ఈ విషయాన్ని ఇప్పటికి దాచుకుని, ఎప్పుడో టీనేజ్ పిల్లలకే ఒక పెద్ద నవల రాసినప్పుడు దానికి తగినంత చోటు ఇవ్వడం. వీబీఎస్ పుస్తకంలో మాత్రం ఇప్పుడున్నట్టుగా పెట్టొద్దని నా మాట.

ఇక లలిత. పెద్దాయన ఒక సంగతి మర్చిపోయాడో పట్టించుకోలేదో తెలీదు, వీబీఎస్‌కి వచ్చేది సంఘం పిల్లలొక్కళ్ళే కాదు. మే నెలలో బడులుండవు, ఎండకి ఇంట్లో కూర్చోలేరు, యాక్షన్ సాంగ్స్, డ్రాయింగ్, చివర్లో బిస్కెట్ ప్యాకెట్, వీధిలో పిల్లలందరూ వచ్చేస్తారు. అంటే నిజం లలిత అక్కడే రెండో వరసలో కూర్చుని ఈ పుస్తకం చదువుతుంది. చదివి, ఓహో నాతో స్నేహం చేసింది ఇందుకా అనుకుంటే హెప్సీ మొహం ఎలా చూస్తుంది? సాయంత్రం ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్తే వాళ్ళ నాయనమ్మ ఆఖరి పేజీ చూస్తుంది, మర్నాడు నుంచి పిల్లని పంపదు, పంపకపోవడం ఆవిడ హక్కు. పెద్దల ఇష్టం తెలుసుకోకుండా వేరే మతం పిల్లల చేతిలో రక్షణ ప్రార్థన పెట్టడం న్యాయంగా నాకు అనిపించదు, గొడవలు వస్తాయనే భయం సంగతి పక్కన పెట్టినా సరే. నువ్వు పనిచేసే స్కూల్లో అయితే ఈ పుస్తకం ఒక్క కాపీ కూడా పంచకు, ఆ మాట ముందే చెప్తున్నా.

నీ కథలో అన్నిటికన్నా నాకు నచ్చింది వినాయక చవితి సీన్. లలిత వాళ్ళ నాయనమ్మ ఉండ్రాళ్ళు హెప్సీ చేతిలో పెడుతుంది. తినకపోతే ఆవిడ బాధపడుతుంది, తింటే అమ్మకి ఏం చెప్పాలి. తినలేక, పారెయ్యలేక చున్నీ కొసలో ముడేసుకుని ఇంటికి వస్తుంది, రాత్రి చున్నీ విప్పితే జిగురు అంటుకుపోయి ఉంటుంది, ఎవరూ చూడకుండా బాత్రూంలో ఉతుక్కుంటుంది. పెద్దాయన ఇక్కడ దాన్ని కాలవలో పారేసినట్టు రాయమన్నాడంట. చెల్లీ, ఏ దారి పట్టినా ఈ సీన్ మాత్రం ముట్టుకోవద్దు. విగ్రహాలకి పెట్టినవి తినొచ్చా అని కొరింథు సంఘం వాళ్ళు కొట్టుకుంటే పౌలు మొదటి కొరింథీయుల్లో 8వ అధ్యాయం, 10వ అధ్యాయం దాని మీదే ఖర్చు పెట్టాడు, అక్కడ కూడా తిను, తినకు అని ఒక్క ముక్కలో తేల్చలేదు, ఎదుటి మనిషి మనస్సాక్షి చూడమన్నాడు. పౌలంతటివాడే అన్ని మాటలు మాట్లాడాల్సి వచ్చిన చిక్కు అది, నువ్వు దాన్ని ఒక చున్నీ ముడిలో పెట్టావు.

ఇంకో మనిషిని గుర్తు చేస్తాను, సిరియా సేనాధిపతి నయమాను. రెండో రాజులు 5వ అధ్యాయం సండే స్కూల్లో అందరూ చెప్తారు, యొర్దానులో ఏడుసార్లు మునిగాడు, కుష్ఠు పోయింది, అక్కడితో ఆపేస్తారు. తర్వాత రెండు వచనాలు ఎవరూ చెప్పరు. నయమాను ఎలీషా ప్రవక్తని అడుగుతాడు, మా రాజు తన దేవుడు రిమ్మోను గుడికి వెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుంటాడు, నేను కూడా వంగాల్సి వస్తుంది, ఈ ఒక్కదానికీ యెహోవా నన్ను క్షమిస్తాడా అని. ఎలీషా ప్రసంగం చెయ్యలేదు, సమాధానంగా వెళ్ళమన్నాడు, అంతే. కొత్తగా నమ్మినవాడి విషయంలో ప్రవక్తకే లేని తొందర ఒక పిల్లల పుస్తకానికి దేనికి చెప్పు? పెద్దాయనతో మాట్లాడేటప్పుడు సాహిత్యం, కళ అని మాట్లాడకు, ఆయనకి ఎక్కదు. ఈ అధ్యాయం తెరిచి పెట్టు.

మీ వైపు చరిత్ర కూడా ఉంది. 1876 నుంచి 78 వరకు కరువొచ్చినప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ క్లౌ, బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్ట్ తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. వేలమంది బాప్తిస్మం అడుగుతున్నా కరువు సాయం నడిచినంత కాలం ఇవ్వలేదు, కూటి కోసం కలిశారనే మాట రాకూడదని. ఆపాకే ఇచ్చాడు, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి. ఈ లెక్క చర్చిల్లో గొప్పగా చెప్తారు, దానికి ముందు ఆయన ఆగిన సంగతి అంత గొప్పగా చెప్పరు. చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉన్న పిల్లని ఆఖరి పేజీలో నిర్ణయం తీసుకోమనడం గురించి ఆలోచించేటప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. అన్నట్టు ఆ కాలవ పని దగ్గర మట్టి తట్ట మోసిన పన్నెండేళ్ళ పిల్లాడి కథ ఎవరైనా రాస్తే బాగుండని ఎప్పటినుంచో నా ఆశ, మీ సంఘాల్లో చాలామంది ముత్తాతలు అక్కడ మట్టి మోసినవాళ్ళే అయ్యుంటారు, ఆ వైపు కూడా ఒకసారి చూడు.

అయితే లలిత విషయంలో నీకు కూడా ఒక మాట. పెద్దాయన లలితని ఒక లెక్కగా వాడుకోవాలని చూస్తున్నాడు, బానే ఉంది, మరి నువ్వేం చేశావు? కథ మొదలు నుంచి చివరి దాకా లలిత హెప్సీ కన్నీళ్ళు తుడవడానికే ఉంది. ఆ పిల్లకి ఏం కావాలి? దేనికి భయపడుతుంది? ఒక్కసారైనా హెప్సీ మీద కోపం వచ్చిందా? ఆ చున్నీ ముడి లలిత కంటపడి ఉంటే ఏమయ్యేది? నేను రాస్తే అక్కడే గొడవ పెట్టేదాన్ని, ఇద్దరూ ఒక వారం మాట్లాడుకోకుండా ఉండేవాళ్ళు, అప్పుడు కారల్స్ రాత్రి లలిత వచ్చి చెయ్యి పట్టుకోవడానికి బరువొస్తుంది. మీ అమ్మాయి మొదటి పేజీలోనే తెలిసిపోయిందన్నది మార్చిన కథ గురించే అయినా, నీ అసలు కథ కూడా ఒకసారి ఆ పిల్లతోనే చదివించి ఎక్కడ బోర్ కొట్టిందో అడుగు.

నాన్న చావు సంగతి. ఇక్కడ కథ కన్నా ముందు ప్రాణం సంగతి చూడాలి. డయాలసిస్ మానేసి ప్రార్థనతో బాగయ్యాడు అని మాత్రం ఎవరడిగినా రాయకు, నువ్వు వేరే అన్నిటికీ ఒప్పుకున్నా దీనికి ఒప్పుకోకు. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళు డయాలసిస్ ఆపేస్తే రోజుల్లో, మహా అయితే వారాల్లో పోతారు. ఆ పుస్తకం చదివిన పిల్ల ఇంటికెళ్ళి ‘నాన్నా మనం కూడా ఆపేద్దాం, విశ్వాసం ఉంచుదాం’ అంటే? స్వస్థత పెట్టాలనే ఉంటే మందులు వాడుతూ, హాస్పిటల్‌కి వెళ్తూ జరిగినట్టు రాయొచ్చు, ప్రార్థనకీ డాక్టర్‌కీ పోటీ పెట్టకుండా.

కానీ నన్నడిగితే నాన్న చనిపోవడమే ఉంచు. ఆ వరసలో అమ్మో నాన్నో పోయిన పిల్లలు ఒకళ్ళిద్దరు తప్పకుండా ఉంటారు. ప్రార్థన చేసిన ప్రతి కథలో జబ్బు తగ్గిపోతుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది, నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉంది, నేను ఉపవాసం రోజు నీళ్ళు తాగాను అందుకే నాన్న పోయాడు అనుకుంటుంది. పిల్లలు నిజంగా ఇలాగే అనుకుంటారు, బయటికి చెప్పరు. పెద్దాయన ఇలాంటి కథ పిల్లల్లో సందేహం పుట్టిస్తుందన్నాడంట, ఆ పిల్లకి సందేహం ఎప్పుడో పుట్టింది, అది తన ఒక్కదానికే వచ్చిందనుకుని నలిగిపోతోంది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చూడు, హేరోదు రాజు యేసు శిష్యుడు యాకోబుని కత్తితో చంపించేస్తాడు, అదే అధ్యాయంలో పేతురుని దేవదూత జైల్లోంచి బయటికి తెస్తాడు. ఒకరిని ఎందుకు వదిలేశాడు, ఒకరిని ఎందుకు తప్పించాడు, ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క మాట కూడా చెప్పలేదు. 88వ కీర్తన చీకటి మాటతోనే అయిపోతుంది. దావీదు ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసం ఉన్నా బిడ్డ బతకలేదు. ఇవన్నీ బైబిల్లోంచి తీసెయ్యమని ఎవరూ అనరు కదా.

ఒక్కటి మాత్రం, వయసు చూసుకోవాలి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకి ఈ కథ బరువు. వీబీఎస్‌లో బిగినర్స్ నుంచి సీనియర్స్ దాకా అందరికీ ఒకే పుస్తకం పంచేస్తారు, అదే ఇక్కడ అసలు ఇబ్బంది. ఇంకోటి, హెప్సీ చుట్టూ ఒక్క పెద్దమనిషి కూడా లేదు. కోపంతో ఉన్న పిల్లని ఊరికే అలా వదిలెయ్యకుండా పక్కన కూర్చునేవాళ్ళు ఒకళ్ళు ఉండాలి, పాస్టరమ్మ గారు కావచ్చు, పిన్ని కావచ్చు, వాక్యం చెప్పకుండా, సర్దిచెప్పకుండా, పప్పులో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంటే చాలు. చదివే పిల్లకి కూడా ఒక దారి కనపడుతుంది, నేనూ ఇలా ఎవరి దగ్గరికైనా వెళ్ళొచ్చు అని.

ముగింపు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దన్న బయటే నిలబడి ఉంటాడు, తండ్రి వచ్చి బతిమాలతాడు, లోపలికి వెళ్ళాడో లేదో యేసు చెప్పలేదు. యోనా గ్రంథం దేవుడు అడిగిన ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది, నీనెవె ఊళ్ళో లక్షా ఇరవై వేల మంది, బోలెడు పశువులు, వాళ్ళ మీద నాకు జాలి ఉండకూడదా అని. యోనా ఏం జవాబు చెప్పాడో లేదు. దేవునికి మహిమ తెచ్చేది కాదా అని అడిగావు, ఎస్తేరు గ్రంథం మొత్తంలో దేవుడి పేరు ఒక్కసారి కూడా రాదు, అయినా బైబిల్లో ఉంది. హెప్సీ పాడకపోయినా పర్లేదమ్మా.

కథలో భాష ఒక్కటి చూసుకో. హెప్సీ, లలిత మాట్లాడుకునేటప్పుడు బానే ఉంది, ప్రార్థన చేసేటప్పుడు మాత్రం హెప్సీ ఒక్కసారిగా పాత బైబిల్ భాషలోకి వెళ్ళిపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్ల చీకట్లో దుప్పటి కప్పుకుని దేవుడితో మాట్లాడితే ఎలా మాట్లాడుతుందో అలాగే రాయి.

ఇప్పుడు ఏం చెయ్యాలో. పెద్దాయన్ని దుర్మార్గుడిగా చూడకు, ఆయనకి కావాల్సింది కరపత్రం, నువ్వు రాసింది కథ, రెండిటికీ చోటుంది, ఒకటి ఇంకొకటిగా మార్చబోతేనే రెండూ చెడతాయి. నువ్వు బేరమాడి ఇదే కథ ఇవ్వొచ్చు, బంగారు వాక్యం పెట్టుకోండి, రక్షణ ప్రార్థన తీసేసి దాని బదులు టీచర్లు పిల్లల్ని అడగడానికి నాలుగు ప్రశ్నలు పెడదాం, లలితని, నాన్నని ముట్టుకోవద్దు అని. ఒప్పుకుంటే వెయ్యిమంది పిల్లల చేతికి వెళ్తుంది, చిన్న విషయం కాదు, కానీ పైన చెప్పిన వయసు ఇబ్బంది, ఆ పాప ఇబ్బంది అలాగే ఉంటాయి, వాటిని సరిచెయ్యడానికి టైం చాలదు.

లేదా ఆయనకి వేరే కథ ఇవ్వు, నేను అటువైపే మొగ్గుతాను. పైన చెప్పిన అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలోనే రొదే అనే చిన్నపిల్ల ఉంది. పేతురు జైలు నుంచి వచ్చి తలుపు కొడితే, గొంతు గుర్తుపట్టి, ఆ సంతోషంలో తలుపు తియ్యడం మర్చిపోయి లోపలికి పరిగెత్తుతుంది. లోపల ఆయన కోసమే ప్రార్థన చేస్తున్న పెద్దవాళ్ళు నీకు పిచ్చి అంటారు. పాపం పేతురు బయట తలుపు కొడుతూనే ఉంటాడు. చిన్నపిల్లలు పగలబడి నవ్వుతారు, బొమ్మలకి బాగుంటుంది, బంగారు వాక్యం ఎలాగూ ఇముడుతుంది, ఎవరినీ మార్చక్కర్లేదు, ఎవరినీ చంపక్కర్లేదు. అయ్యగారి మాట నిలబడుతుంది, మీ ఆయనకి నిద్ర పడుతుంది. ఇందులో నష్టం ఏంటంటే ఇక వరసగా ఇలాంటివే అడుగుతారు, హెప్సీ మళ్ళీ ఫోన్లోనే ఉండిపోవచ్చు. దానికి నువ్వే ఒక గడువు పెట్టుకోవాలి.

హెప్సీ కథని బయట పిల్లల పత్రికలకి, పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళకి పంపడం ఇంకో దారి. క్రైస్తవ విషయం అయితే అందరూ చదవరు అనుకోకు, కవి గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అది చర్చి వాళ్ళు ఇచ్చింది కాదు. కానీ ముందే అనుకుని ఉండు, సంఘంలో కొందరు ఇందులో ఆత్మీయత లేదంటారు, బయట కొందరు ఇది చర్చి కథ అంటారు, రెండు వైపులా మాట పడుతుంది. సొంతంగా వేసుకుంటే పుస్తకానికి గుర్తింపుగా ఉండే ఐఎస్‌బీఎన్ నంబర్ కేంద్ర ప్రభుత్వ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఖర్చు ప్రెస్‌కీ బొమ్మలకీనూ, అమ్ముకునే తిప్పలు కూడా నీవే. చేతి డబ్బులు పెట్టి ఐదు వందలు అచ్చేసి మంచం కింద పెట్టుకునే బదులు ముందు నువ్వే చదివి ఆడియో చేసి గ్రూప్‌లో పెట్టు, ఇంగ్లీష్ మీడియం పిల్లలు చాలామంది తెలుగు పేజీ చదవడానికి కష్టపడతారు గానీ వినమంటే శుభ్రంగా వింటారు.

‘మేమే మార్చుకుంటాం’ అన్నాడు చూడు, అది కుదరదు. కథ రాసిన మరుక్షణం నుంచి కాపీరైట్ నీదే, డబ్బు తీసుకోకపోయినా నీదే. 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ ప్రకారం హక్కు ఇవ్వడం కాగితం మీద, సంతకంతో ఉండాలి, కాలం రాయకపోతే ఐదేళ్ళు అనే లెక్క. నీ పరువుకి నష్టం వచ్చేలా కథని వంకర చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు 57వ సెక్షన్ ఇస్తుంది. ఆయన మీద కేసు పెట్టమని కాదు, ఏ కథ ఇచ్చినా అర పేజీ కాగితం రాసుకోండి, ఎన్ని కాపీలు, ఎన్నాళ్ళు, రాతపూర్వకంగా అడక్కుండా ఒక్క లైన్ కూడా మార్చకూడదు అని. పరిచర్యలో కాగితాలేంటమ్మా అంటే నవ్వి ఊరుకో, కాగితం మాత్రం వదలకు.

చివరిగా మీ ఆయన మాట. ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ షరతులన్నీ అచ్చేసే ఆయనవి, అయ్యగారు అలా మార్చమన్నట్టు ఎక్కడా లేదు. పరిచయం చేసింది ఆయన కాబట్టి ఆయన మాట కూడా అదే అని మీ ఇద్దరూ అనుకుంటున్నారు. అయ్యగారిని నేరుగా అడగలేకపోతే పాస్టరమ్మ గారికి అసలు కథ ప్రింట్ తీసి ఇవ్వు, ఫోన్లో ఫార్వర్డ్ చెయ్యకు, చదవరు. ఆవిడ చదివాక ఇద్దరూ కలిసి అయ్యగారితో మాట్లాడండి, రొదే కథ సంగతి కూడా అప్పుడే చెప్పండి, మే నెలకి పుస్తకాలు చేతికి రావాలంటే ప్రెస్‌లో పెళ్ళి కార్డుల రద్దీ మొదలవ్వక ముందే పెద్దాయనకి ఏదో ఒకటి చెప్పెయ్యాలి.